గ్రంథాలయంలో ఒక గ్రామం

ఉద్దేశం

ఇంటర్మీడియట్ తరువాత విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టే విద్యార్థి పాఠ్యపుస్తకం ఒక్కదానితో తృప్తిపడరాదు. ఒక విషయాన్ని స్వయంగా అన్వేషించి, ఆధారాలతో నిరూపించే అలవాటు అతనికి అవసరం. సమాజశాస్త్ర విద్యార్థులు గ్రంథాలయాన్ని ఎలా ఉపయోగించుకోవాలో అంకాపూర్ గ్రామాన్ని ఉదాహరణగా తీసుకొని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

నిజామాబాదు జిల్లా ఆర్మూరు మండలంలోని అంకాపూర్ పేరు తెలుగునాట వినని రైతు అరుదు. పసుపు, మక్కజొన్న, ఎర్రజొన్న పంటలకు, అంతకుమించి విత్తనోత్పత్తికి ఆ ఊరు ప్రసిద్ధి చెందింది. రహదారి పక్కన రాశులు పోసి అమ్మే పచ్చి మక్క కంకులు, దూరప్రాంతాల వారిని సైతం ఆకర్షించే దేశీకోడి కూర ఆ ఊరి కీర్తిని మరింత విస్తరింపజేశాయి. ‘ఆదర్శ గ్రామం’ అనే మాట వినబడగానే చాలామంది అంకాపూర్‌నే ఉదాహరిస్తారు.

ఆర్మూరు ప్రాంతం నుంచి హైదరాబాదు వెళ్లి, సమాజశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్న ఒక విద్యార్థిని ఉందనుకుందాం. ఆమె తల్లిదండ్రులు సొంత భూమి లేక, కౌలుకు తీసుకొన్న పొలంలో పసుపు పండిస్తారు. లఘు పరిశోధన వ్యాసానికి ఆమె ఎన్నుకొన్న అంశం ‘అంకాపూర్ అభివృద్ధి’. తనకు బాగా తెలిసిన విషయమే కనుక నాలుగు రోజుల్లో వ్రాయగలనని ఆమె భావించింది. పది పుటలు వ్రాసి అధ్యాపకునికి చూపింది. ఆయన ప్రతి వాక్యం పక్కన పెన్సిలుతో ఒకే ప్రశ్న వేశాడు: ‘ఇది నీకెలా తెలుసు?’

గ్రంథాలయ పరిశోధనకు మూలం ఈ ప్రశ్నే. ఊరి గురించి విన్నది వేరు, తెలిసినది వేరు, నిరూపించగలిగినది వేరు. ఈ మూడింటి నడుమ ఉన్న దూరాన్ని గుర్తించిన నాడే విద్యార్థి పరిశోధకుడు కావడం ప్రారంభిస్తాడు.

పూర్వుల మార్గం

ఆధారాల కోసం గ్రంథాలను గాలించడం తెలుగువారికి కొత్త కాదు. నిజాం రాష్ట్రంలో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపితమైంది. ఉర్దూ రాజభాషగా ఉన్న కాలంలో తెలుగు పుస్తకాన్ని పదిమందికి అందుబాటులో ఉంచడమే ఒక సాంఘిక ఉద్యమం అయింది. ఆ వాతావరణంలో పెరిగిన తరానికి చెందినవాడు సురవరం ప్రతాపరెడ్డి. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న ఆక్షేపణ వినవచ్చినప్పుడు ఆయన వాదానికి దిగి ఊరుకోలేదు. జిల్లాల నుంచి కవుల వివరాలు, రచనలు సేకరించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించాడు. ఆక్షేపణకు ఆధారమే సమాధానం అయింది.

1949లో వెలువడిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ సమాజశాస్త్ర విద్యార్థికి మరింత సన్నిహితమైన ఉదాహరణ. ఇందులో ప్రధానంగా కనిపించేవి రాజుల యుద్ధాలు కావు. జనుల తిండి, బట్ట, ఆటలు, పండుగలు, వృత్తులు, నమ్మకాలు. ఈ వివరాల కోసం ఆయన కావ్యాలను, శతకాలను, సామెతలను, విదేశీ యాత్రికుల వ్రాతలను జల్లెడ పట్టాడు. 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం ఈ గ్రంథాన్ని వరించింది. ఒక కవి ప్రసంగవశాత్తు చెప్పిన చిన్న వర్ణన కూడా, సరైన ప్రశ్నతో చదివేవానికి సామాజిక సాక్ష్యం కాగలదని ఈ గ్రంథం నిరూపించింది.

విషయం నుంచి ప్రశ్నకు

‘అంకాపూర్ అభివృద్ధి’ అనేది విషయమే కాని ప్రశ్న కాదు. విషయంతో గ్రంథాలయానికి వెళ్లినవానికి వంద పుస్తకాలు ఎదురవుతాయి. ప్రశ్నతో వెళ్లినవానికి వాటిలో అవసరమైన పది కనబడతాయి. అందువల్ల మొదటి పని విషయాన్ని ప్రశ్నగా మార్చడం. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో పోల్చి అనే నాలుగు మాటలు ఇందుకు తోడ్పడతాయి.

అంకాపూర్ విషయంలో ఎన్నో ప్రశ్నలు సాధ్యం. విత్తన వ్యాపారం గ్రామంలోని కులసంబంధాలను ఎలా మార్చింది? చట్టబద్ధమైన గ్రామపంచాయతీకి, జిల్లాలోని అనేక గ్రామాలలో ప్రజలు ఏర్పరచుకొన్న గ్రామాభివృద్ధి కమిటీలకు మధ్య సంబంధం ఏమిటి? పసుపు ఉడకబెట్టడం, ఆరబెట్టడం, మెరుగుపెట్టడం వంటి పనులలో స్త్రీల శ్రమకు లభించే విలువ ఎంత? మన విద్యార్థిని తన ఇంటి అనుభవం నుంచి ఒక ప్రశ్న ఎన్నుకొన్నది: ‘అంకాపూర్ వంటి గ్రామంలో వ్యవసాయం తెచ్చిన లాభం భూమి లేని కౌలురైతుకు ఏ మేరకు చేరింది?’ ప్రశ్న ఇరుకైన కొద్దీ శోధన లోతుగా సాగుతుంది.

పేర్లలోని చిక్కులు

ప్రశ్న సిద్ధమైన తరువాత గ్రంథసూచిని, అంటే కేటలాగును చూడాలి. ఒకప్పుడు చెక్కపెట్టెల సొరుగులలో అక్షరక్రమంలో అమర్చిన కార్డులు ఉండేవి. నేడు అనేక గ్రంథాలయాలలో కంప్యూటరు ఆ పని చేస్తున్నది. సాధనం మారినా నియమం మారలేదు. ఏ పేరుతో వెతికితే ఆ పేరుతో ఉన్నవే దొరుకుతాయి.

ఇక్కడ నిజామాబాదు విద్యార్థికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఈ జిల్లాకు పూర్వనామం ఇందూరు. పాత గ్రంథాలలో ఆ పేరుతోనే వెతకాలి. 1951 జనాభా లెక్కలలో ఈ ప్రాంతం హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నది; 1956 నవంబరు 1 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో చేరింది; 2014 జూన్ 2 నుంచి తెలంగాణ రాష్ట్రంలో ఉన్నది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడ్డాయి. కనుక 1981 నాటి ఆర్మూరు తాలూకా, 1991 నాటి ఆర్మూరు మండలం ఒకటే అనుకొని అంకెలను పోల్చితే పరిశోధన మొదటి మెట్టులోనే తప్పుతుంది. 2016 అక్టోబరులో కామారెడ్డి ప్రత్యేక జిల్లాగా విడిపోయింది. అందువల్ల 2011 నాటి నిజామాబాదు జిల్లా అంకెలను విభజన తరువాతి అంకెలతో యథాతథంగా సరిపోల్చరాదు.

పంటల పేర్లలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ప్రభుత్వ గ్రంథం ‘మొక్కజొన్న’ అంటుంది. ఊరు ‘మక్క’ అంటుంది. ఒకరు ‘కౌలుదారు’ అని వ్రాస్తే మరొకరు ‘పాలికాపు’ అని వ్రాయవచ్చు. కాని ఈ రెండు మాటల అర్థాలు అన్ని ప్రాంతాలలో ఒకటి కావు. ఊరి పేరు ఆంగ్లంలో ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా వ్రాయబడి ఉండవచ్చు. శోధన ప్రారంభించే ముందు ఈ మాటలన్నిటితో ఒక పట్టిక తయారుచేసుకోవడం ఉత్తమం. ఏ మాటతో వెతికినదీ, ఏమి దొరికినదీ, ఏమి దొరకనిదీ ఆ పట్టికలోనే గుర్తించుకోవాలి.

అరల మధ్య ప్రయాణం

గ్రంథాలయంలో పుస్తకాలు విషయక్రమంలో అమర్చబడి ఉంటాయి. 1876లో మెల్విల్ డ్యూయీ ప్రకటించిన దశాంశ వర్గీకరణలో విజ్ఞానమంతా పది తరగతులుగా విభజింపబడింది. అందులో 300 సామాజిక శాస్త్రాలకు, 301 సమాజశాస్త్రానికి, 307 సముదాయాలకు, 630 వ్యవసాయానికి కేటాయించబడ్డాయి. భారతీయ గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణను రూపొందించాడు. 1931లో ఆయన ప్రకటించిన పంచసూత్రాలలో మొదటిది, పుస్తకాలు దాచుకోవడానికి కాక ఉపయోగించుకోవడానికి ఉన్నవనే భావాన్ని బోధిస్తుంది.

వర్గీకరణ తెలిసిన విద్యార్థి ఒక విషయం గమనిస్తాడు. అంకాపూర్ ఒకే అరలో లేదు. గ్రామసమాజం 307లో, వ్యవసాయ ఆర్థికం 338లో, సేద్యం 630లో, ప్రాంతచరిత్ర 954లో ఉన్నాయి. జీవితం ఒక్కటే అయినా పుస్తకాలు దానిని విభజించుకొన్నాయి. ఆ ముక్కలను తిరిగి కలపడమే పరిశోధకుని పని. కేటలాగులో దొరికిన సంఖ్యతో అర దగ్గరకు వెళ్లినప్పుడు, కావలసిన పుస్తకంతోబాటు దానికి ఇరుపక్కల ఉన్న పుస్తకాలను కూడా తిరగవేయాలి. మంచి పుస్తకం చివర ఉండే ఉపయుక్త గ్రంథసూచి మరెన్నో పుస్తకాలకు దారి చూపుతుంది.

ఎంత వెతికినా దొరకనప్పుడు గ్రంథపాలకుని అడగడానికి సంకోచించరాదు. ‘అంకాపూర్ పుస్తకం ఉందా?’ అని అడిగితే ‘లేదు’ అనే సమాధానమే రావచ్చు. ‘నిజామాబాదు జిల్లా కౌలు వ్యవసాయంపై నివేదికలు ఏ విభాగంలో ఉంటాయి?’ అని అడిగితే దారి దొరుకుతుంది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా ఆరంభమైన అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఇటువంటి శోధనకు పెద్ద ఆశ్రయాలు.

ముందుగా చదవవలసినవి

ఒక గ్రామాన్ని గురించి వ్రాయబోయే ముందు గ్రామాలను గురించి ఇతరులు ఎలా వ్రాశారో తెలుసుకోవాలి. ఇందుకు తెలుగు నేలలోనే ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎస్.సి. దూబే 1951-52లో హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేట గ్రామాన్ని వివిధ శాస్త్రాలకు చెందిన బృందంతో కలిసి అధ్యయనం చేశాడు. ఆ కృషి 1955లో ‘ఇండియన్ విలేజ్’ అనే గ్రంథంగా వెలువడింది. ఒకే గ్రామాన్ని సమగ్రంగా వర్ణించిన తొలి భారతీయ అధ్యయనాలలో అది ఒకటి. కులం, కుటుంబం, వృత్తి, ఆచారం, మార్పు అనే శీర్షికలతో ఒక గ్రామాన్ని ఎలా చూడవచ్చో ఆ గ్రంథం నేర్పుతుంది.

పుస్తకాల తరువాత పరిశోధన పత్రికలు. పుస్తకం కన్నా పత్రికలోని వ్యాసం కొత్త విషయాన్ని త్వరగా అందిస్తుంది. 1952లో ప్రారంభమైన ‘సోషియలాజికల్ బులెటిన్’, 1949లో ‘ఎకనామిక్ వీక్లీ’గా పుట్టి 1966 నుంచి ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’గా వెలువడుతున్న పత్రిక ఈ రంగంలో ముఖ్యమైనవి. విశ్వవిద్యాలయాలకు సమర్పించిన సిద్ధాంత గ్రంథాలను ‘శోధ్‌గంగ’ అనే జాతీయ భాండాగారంలో ఇంటి నుంచే చదివే వీలున్నది. ఇతరులు ఇప్పటికే చేసిన పనిని తెలియక మళ్లీ చేయడం కాలహరణం. తెలిసి చెప్పకపోవడం దోషం.

అంకెలు చెప్పేవి, చెప్పనివి

దేశమంతటా ఒకే కాలంలో జరిగిన తొలి జనగణన 1881 నాటిది. 1951 నుంచి జిల్లాల వారీగా ‘జిల్లా జనగణన కరదీపిక’లు వెలువడ్డాయి. వాటిలో ప్రతి గ్రామానికి జనసంఖ్య, అక్షరాస్యత, వృత్తి, సౌకర్యాలు మొదలైన వివరాలు దొరుకుతాయి. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందున గ్రామస్థాయి అధ్యయనాలు నేటికీ 2011 అంకెలనే ఆశ్రయిస్తున్నాయి. కనుక వాటిని పేర్కొన్న ప్రతిచోటా ఆ సంవత్సరాన్ని చెప్పి తీరాలి.

మన విద్యార్థిని 2011 కరదీపికను తెరచి అంకాపూర్ వరుసలో వ్రేలు పెట్టింది. సాగుదారులు ఇందరు, వ్యవసాయ కూలీలు ఇందరు, గృహపరిశ్రమలవారు ఇందరు, ఇతరులు ఇందరు అని నాలుగు తరగతులు కనిపించాయి. కౌలురైతులు ఎందరు? ఆ గడి లేదు. అప్పుడు ఆమె గ్రంథం ముందు భాగంలోని నిర్వచనాలను చదివింది. సొంత భూమిని సాగుచేసేవాడు, ఇతరుల భూమిని డబ్బుకో, ధాన్యానికో, పంటలో పాలుకో తీసుకొని సాగుచేసేవాడు, ఇద్దరూ జనగణన దృష్టిలో ‘సాగుదారులే’. పాతిక ఎకరాల ఆసామి, ఆ ఆసామి భూమిని కౌలుకు చేసే మనిషి ఒకే అంకెలో ఒదిగిపోయారు. తన తండ్రి వంటివాడు ఆ లెక్కలో ఉన్నాడు కాని కనబడటం లేదు.

ఆ నిర్వచనం చదవకుండా ఉంటే ఆమె ఏమి వ్రాసేది? ‘ఈ గ్రామంలో ఇంతమంది రైతులు భూమి కలిగి ఉన్నారు’ అని వ్రాసేది. అది అచ్చయ్యేది. మరొకరు దానిని ఉదాహరించేవారు. క్రమంగా కౌలురైతు లేని గ్రామం ఒకటి కాగితం మీద తయారయ్యేది. పట్టికను చదివే ముందు నిర్వచనాన్ని చదవాలనే నియమం ఎంత ముఖ్యమైనదో దీనివల్ల తెలుస్తుంది.

ఒక ఆధారం మౌనం వహించినప్పుడు మరొక ఆధారాన్ని ప్రశ్నించాలి. 1970-71 నుంచి జరుగుతున్న వ్యవసాయ గణన కమతాల వివరాలను ఇస్తుంది. కౌలుదారులకు రుణార్హత పత్రాలు ఇవ్వడానికి ఉద్దేశించిన ఆంధ్రప్రదేశ్ భూ అధీకృత సాగుదారుల చట్టం 2011లో వచ్చింది. తెలంగాణలో 2018లో ప్రారంభమైన రైతుబంధు పథకం పెట్టుబడి సాయాన్ని పట్టాదారులకు అందించింది. కౌలురైతులకు అది వర్తించలేదు. చట్టాలు, ప్రభుత్వ ఉత్తరువులు, శాసనసభ చర్చలు గ్రంథాలయంలోని ప్రభుత్వ ప్రచురణల విభాగంలో లభిస్తాయి. గణనలో కనబడని మనిషి జాడ చట్టంలో కనబడవచ్చు.

పాత గ్రంథాలను చదివే పద్ధతి

కులాలను గురించి తెలుసుకోదలచినవారికి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా ప్రకటించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం, సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో నిజాం రాజ్యంలోని కులాలు, తెగలపై వెలువరించిన గ్రంథం అరలో ఎదురవుతాయి. వాటిలో విలువైన సమాచారం ఉంది. అయితే అవి పాలకుల అవసరాల కోసం తయారైనవి. ఒక కులం వారు తమను గురించి చెప్పుకొన్నది ఎంత, ఇతరులు వారిని గురించి చెప్పినది ఎంత అనే వివేచన లేకుండా వాటిలోని మాటలను నేటి మనుషులకు అంటగట్టడం అన్యాయం. ఏ గ్రంథాన్నైనా ఎవరు వ్రాశారు, ఎప్పుడు వ్రాశారు, ఎవరిని అడిగి వ్రాశారు, ఎవరికోసం వ్రాశారు అని నాలుగు ప్రశ్నలు వేసి చదవాలి.

వార్తాపత్రికల సాక్ష్యం

సమకాలీన ఘటనలకు పత్రికలు ప్రాథమిక ఆధారాలు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నియోజకవర్గంలో 185 మంది పోటీచేశారు. వారిలో 178 మంది రైతులు. పసుపు బోర్డు కావాలని, పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కల్పించాలని కోరుతూ వారు నామినేషన్లు వేశారు. దేశం దృష్టి ఈ జిల్లాపై పడింది. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. దాని ప్రధాన కార్యాలయం నిజామాబాదులో ఏర్పడింది.

ఈ ఘటనలను అధ్యయనం చేసే విద్యార్థి ఒకే పత్రికను నమ్ముకోరాదు. ఒకే రోజు వార్తను కనీసం రెండు, మూడు పత్రికలలో చదివి పోల్చాలి. అభ్యర్థుల సంఖ్య వంటి అంశాన్ని ఎన్నికల సంఘం నివేదికతో సరిచూడాలి. వార్తకు, సంపాదకీయానికి, ప్రకటనకు మధ్య భేదం గుర్తించాలి. అంకాపూర్‌ను పొగడుతూ వచ్చిన ప్రత్యేక కథనాలలో ఎవరి మాటలు ఉన్నాయో లెక్కించడం కూడా ఒక పరిశోధనే. కథనంలో విత్తన వ్యాపారి, పెద్దరైతు మాట్లాడి, కోతకు వచ్చిన కూలీ స్త్రీ ఛాయాచిత్రంలో మాత్రమే కనిపిస్తే, ఆ మౌనాన్ని గమనించి వ్రాసుకోవాలి.

వ్రాసుకోవడం, భద్రపరచడం

చదివినదంతా జ్ఞాపకం ఉంటుందనుకోవడం భ్రమ. ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క కార్డు లేదా ప్రత్యేక పుట కేటాయించాలి. పైభాగంలో గ్రంథకర్త పేరు, గ్రంథనామం, ప్రచురణ స్థలం, సంవత్సరం, పుటసంఖ్య వ్రాయాలి. కింద విషయం వ్రాయాలి. గ్రంథకర్త మాటలను యథాతథంగా వ్రాసుకొంటే ఉద్ధరణ చిహ్నాలు పెట్టాలి. తన సొంత ఆలోచనను వేరే రంగు సిరాతో వ్రాయాలి. ఆరునెలల తరువాత ఏది ఎవరి మాటో తెలియక తికమకపడే దుస్థితి దీనివల్ల తప్పుతుంది.

భద్రపరచడంలోని ప్రాముఖ్యాన్ని ఎం.ఎన్. శ్రీనివాస్ అనుభవం చాటిచెబుతుంది. ఆయన 1948లో మైసూరు ప్రాంతంలోని ఒక గ్రామంలో నివసించి క్షేత్ర పరిశోధన చేశాడు. ఏళ్ల తరబడి శ్రమించి ఆ వివరాలను క్రమబద్ధం చేసుకొన్నాడు. 1970 ఏప్రిల్‌లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పనిచేస్తున్న కేంద్రానికి దుండగులు నిప్పు పెట్టగా, క్రమబద్ధం చేసిన వ్రాతలు మూడు ప్రతులూ ఒకేచోట ఉండి కాలిపోయాయి. ఆయన కుంగిపోక, ప్రధానంగా జ్ఞాపకశక్తి ఆధారంగా వ్రాసిన ‘ది రిమెంబర్డ్ విలేజ్’ 1976లో వెలువడి విఖ్యాతమైంది. ఆయన ధైర్యం ఆదర్శప్రాయమే. అయినా మూడు ప్రతులను మూడుచోట్ల ఉంచడం విద్యార్థులు నేర్చుకోవలసిన పాఠం.

నిజాయితీ

ఇతరుల మాటలను, ఆలోచనలను తనవిగా చెప్పుకోవడం గ్రంథచౌర్యం. దీనిని అరికట్టడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో నిబంధనలు ప్రకటించింది. అయితే శిక్షకు భయపడి మాత్రమే ఆధారాలను పేర్కొనడం ఉత్తమ లక్షణం కాదు. అధోజ్ఞాపిక చదువరికి ఇచ్చే మాట వంటిది. ‘నేను చెప్పినది నమ్మకపోతే ఇక్కడికి వెళ్లి చూడండి’ అని అది ఆహ్వానిస్తుంది. తన అభిప్రాయానికి విరుద్ధమైన ఆధారం దొరికినప్పుడు దానిని దాచకుండా పేర్కొనడం అంతకన్నా గొప్ప నిజాయితీ. మన విద్యార్థిని కౌలురైతు బిడ్డ. ఆమె ప్రశ్న ఆమె ఇంటినుంచి పుట్టింది. అందులో తప్పు లేదు. సమాధానాన్ని కూడా ముందే ఇంటినుంచి తెచ్చుకోవడం తప్పు. కౌలురైతులకు కూడా లాభం చేరినట్లు ఆధారం దొరికితే దానిని వ్రాయడానికి ఆమె సిద్ధంగా ఉండాలి.

గ్రంథాలయం నుంచి గ్రామానికి

మూడునెలలు గడిచాయి. ఆమె వద్ద రెండు వందల కార్డులు చేరాయి. అంకాపూర్ విత్తన వ్యాపారాన్ని గురించి, పసుపు ధరలను గురించి, భూచట్టాలను గురించి ఎన్నో వివరాలు అందులో ఉన్నాయి. కౌలు ఒప్పందాలు నోటిమాటగా ఎలా జరుగుతాయో, పంట పాడైన ఏడు ఎవరు ఎంత నష్టం భరిస్తారో చెప్పే కార్డు మాత్రం ఒక్కటీ లేదు. మొదట ఆమె నిరుత్సాహపడింది. అధ్యాపకుడు ఆ కార్డులను తిరగవేసి, ఈ లోటు ఆమె వైఫల్యం కాదని, ఇంతవరకు ఎవరూ నమోదుచేయని విషయం ఎక్కడ ఉందో కచ్చితంగా తెలుసుకోగలగడమే గ్రంథాలయంలో ఆమె సాధించిన ఫలితమని చెప్పాడు.

ఆ ఖాళీ కార్డుతో ఆమె అంకాపూర్ బయలుదేరింది. ఇంతకుముందు ఆ ఊరి గురించి అన్నీ తెలుసుననుకొని వెళ్లేది. ఇప్పుడు ఏమి అడగాలో, ఎవరిని అడగాలో, ఎవరి మాట ఇంతవరకు కాగితానికి ఎక్కలేదో తెలుసుకొని వెళ్లింది. పసుపు ఆరబోసిన కల్లంలో ఒక ముదుసలి రైతు పక్కన కూర్చొని, ఆయన చెప్పినది చెప్పినట్లు వ్రాసుకొన్నది. పైభాగంలో తేది, స్థలం వేసింది. ఆ కార్డు ఆమె పెట్టెలో రెండువందల ఒకటవది. రేపు ఆమె వ్యాసం గ్రంథాలయంలో చేరితే, మరొక విద్యార్థి అదే ప్రశ్నతో వచ్చిన నాడు ఆ అర ఖాళీగా ఉండదు.

పదాలు – అర్థాలు

ఆక్షేపణ = తప్పుపట్టడం, అభ్యంతరం
ప్రసంగవశాత్తు = మాట సందర్భంలో
గ్రంథపాలకుడు = గ్రంథాలయ నిర్వాహకుడు
కరదీపిక = చేతిదీపం; దారిచూపే చిన్న గ్రంథం
కమతం = ఒక రైతు సాగుచేసే మొత్తం భూమి
ఆసామి = భూమి గల రైతు
వివేచన = మంచిచెడులను వేరుచేసి చూడటం
అధోజ్ఞాపిక = పుట అడుగున ఇచ్చే ఆధార సూచన
కల్లం = పంటను నూర్చే, ఆరబెట్టే చోటు

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏ సంవత్సరంలో స్థాపితమైంది?
2. ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించినది ఎవరు?
3. ఎస్.సి. దూబే అధ్యయనం చేసిన గ్రామం ఏది?

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. విషయానికి, పరిశోధన ప్రశ్నకు గల భేదం ఏమిటి?
2. నిజామాబాదు జిల్లా అంకెలను పోల్చేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
3. ఎం.ఎన్. శ్రీనివాస్ అనుభవం నుంచి విద్యార్థులు ఏమి గ్రహించాలి?

ఇ) ఈ క్రింది ప్రశ్నలకు వివరంగా సమాధానాలు వ్రాయండి.
1. జనగణన పట్టికలో కౌలురైతు ఎందుకు కనబడటం లేదు? ఆ లోటును పూరించడానికి ఏయే ఆధారాలు తోడ్పడతాయి?
2. గ్రంథాలయ పరిశోధన క్షేత్ర పరిశోధనకు ఎలా దారితీస్తుందో పాఠం ఆధారంగా వివరించండి.

ఈ) ప్రాజెక్టు పని
మీ ఊరిని గురించి మీకు తెలుసునని భావించే ఐదు విషయాలు వ్రాయండి. ప్రతి విషయం ఎదుట ‘ఇది నాకెలా తెలుసు?’ అనే ప్రశ్న వేసుకొని, మీ కళాశాల గ్రంథాలయంలో గాని, శాఖా గ్రంథాలయంలో గాని ఆధారం వెతకండి. ఆధారం దొరకనివాటిని వేరుగా పట్టిక వేసి తరగతిలో చర్చించండి.